చెవికి పెట్టు

పలాసలో నా రాత్రి డ్యూటీ దిగేది ఎనిమిదికి.
సోంపేట పాసింజరు ఎనిమిదీ పదికి.
పన్నెండేళ్లుగా ఈ రెండిటి మధ్యే
పరుగెడుతున్నాను.

బల్ల మీద రిజిస్టరు. అటు కెజియా, ఇటు నేను.
ఆమె జడ ఇంకా తడి, నా కళ్లు ఇంకా ఎరుపు.
ఒకటి, జ్వరం దిగింది. రెండు, అవే మందులు.
మూడు ఖాళీ.
ఎందుకు ఖాళీయో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
నాలుగు, అయిదు, స్థిరం.
ఎంత సుఖమైన మాట!
అది రాసేసి చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవచ్చు.

తొమ్మిదో మంచం బమ్మిడి దాలమ్మ.
కిడ్నీలు రెండూ అలిసిపోయాయి.
కాశీబుగ్గలో ముప్పయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టిన మనిషి,
జీడిసొన తాగి తాగి నల్లబడిన వేళ్లు,
సబ్బుకి పోని, బూడిదకి పోని నలుపు.
ఆ వేలికి ఆక్సిజన్ క్లిప్పు తగిలిస్తే
మిషను తికమకపడుతుంది:
ఓసారి డెబ్బై అయిదు, ఓసారి వట్టి గీతలు.
రాత్రి రెండింటికి హడలిపోయి
డాక్టర్ని లేపి, తిట్లు తిని,
ఆఖరికి చెవితమ్మెకి పెట్టి చూశాను.
తొంభై ఆరు.
దాలమ్మ నవ్వింది.
"నా సేతులు ఒట్టి అబద్దాలకోరులమ్మా. సెవి మంచిది."

పొద్దున్న గుమ్మంలోంచి, సంచి భుజాన వేసుకుంటూ
కెజియాతో అన్నాను:
"తొమ్మిదో మంచం, వేలికి పెడితే తప్పు చూపిస్తది, కంగారుపడకు."
మిగతా సగం నాలుక మీదే ఉంది.
రైలు కూసింది.
మింగేశాను.

మధ్యాహ్నం రెండింటికి కెజియా ఆ మాటని
సుగుణకి అప్పజెప్పింది, ఇంకాస్త అరిగిపోయాక:
"తొమ్మిదికి మిషను తప్పు."

సాయంత్రం ఏడు దాటాక మిషను ఎనభై ఒకటి అంది.
సుగుణ చూసింది. తప్పే కదా అనుకుని
పక్క మంచానికి సెలైన్ మార్చడానికి వెళ్లింది.
ఆ పూట మిషను నిజమే చెప్పింది.
ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ కునుకు తీయలేదు.
నా సగం మాట ఒక్కటే
వార్డంతా తిరిగింది.

ఎనిమిదికి నేను వచ్చేసరికి
దాలమ్మ మోకాళ్ల మీదికి వంగి
గాలిని గుక్కగుక్కగా ఏరుకుంటోంది.
చెవికి పెట్టాను. డెబ్బై తొమ్మిది.
ఆ రాత్రి ఆక్సిజన్, డయాలసిస్, పరుగులు.
తెల్లారేసరికి మనిషి నిలబడింది.
మూడో మంచం పక్కకి చూడకుండా
నీళ్లు తాగొచ్చాను.

హెడ్ సిస్టర్ ఫిలోమినమ్మ ఎవరినీ ఏమీ అనలేదు.
ఆ బల్లని ఆయాల చేత ఎత్తించి
స్టోర్ రూములో పెట్టించింది.
నిలబడి చెప్పుకునే చోటు లేదు. ఇక నడవాలి,
మంచం మంచానికీ, ఇద్దరం, పడుకున్నవాళ్లు వింటుండగా.
నేను చెప్పింది కెజియా తిరిగి నాకు చెప్పాలి.
మొదట్లో ఎక్కాలు అప్పజెప్పినట్టుండి సిగ్గేసింది.
ఆరో మంచం తాత మధ్యలో అడ్డం తగిలాడు:
"ఆ బిళ్ల నిన్ననే ఆపీసినారు కదమ్మా!"
నిజమే. ఆపేశారు. నేను రాయలేదు.

ఇరవై నిమిషాలు పడుతుంది.
పాసింజరు పోతుంది. తొమ్మిదింటి బస్సు,
మందస దాకా నిలబడే ప్రయాణం.
కాళ్లు లాగిన రోజున
ఫిలోమినమ్మని తిట్టుకుంటాను, దాచడమెందుకు.

తొమ్మిదో మంచం దగ్గరికి వచ్చేసరికి
మేం నోరు తెరవకముందే
దాలమ్మ నెరిసిన జుట్టు వెనక్కి తోసుకుని
మొహం కిటికీ వైపు తిప్పి
చెవి ఇస్తుంది.
కెజియా క్లిప్పు చేత్తో పట్టుకుని
ఆ చెవి దగ్గరికి వంగుతుంది,
"రాత్రి ఎలా ఉందమ్మా?"
పెన్ను మూత తీసి నేను ఆగుతాను.
బయట పాసింజరు కదిలిపోతున్న చప్పుడు.